ఎన్‌మ్యాప్: ఆరేళ్లుగా మా ఆఫీసు నెట్‌వర్క్ మీద వాడుతున్న మనిషి రివ్యూ

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, ట్యాలీ ఓపెన్ కావట్లేదు, నెట్ కూడా రావట్లేదు." నేను మెట్లెక్కేలోపే స్టోర్స్ నుంచి ఒక ఫోన్, డిస్పాచ్ నుంచి ఇంకోటి. విచిత్రం ఏమిటంటే పక్క పక్క సీట్లలోనే ఒకరికి బాగా పనిచేస్తోంది, ఇంకొకరికి అసలు లేదు. స్విచ్ లైట్లు వెలుగుతున్నాయి, సర్వర్ నడుస్తోంది, ఫైర్‌వాల్ నుంచి నెట్ వస్తోంది. అన్నీ బాగున్నట్టే కనిపిస్తూ పని జరగకపోవడమంత టెన్షన్ ఇంకోటి ఉండదు. మేడమ్ సిస్టమ్‌లో ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ అడ్రస్) చూస్తే 192.168.0.104 అని ఉంది. మా ఆఫీసు సిస్టమ్‌లన్నీ 192.168.10 సిరీస్‌లో ఉండాలి. అంటే మా సర్వర్ కాకుండా ఇంకెవరో లోపల కూర్చుని ఐపీలు పంచుతున్నారు.

నెట్‌వర్క్‌లో ఏ సిస్టమ్‌లు ఉన్నాయో, వాటిలో ఏ తలుపులు తెరిచి ఉన్నాయో వెతికి చూపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌మ్యాప్. ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరిచి బ్రాడ్‌కాస్ట్ డీహెచ్‌సీపీ డిస్కవర్ అనే స్క్రిప్ట్ నడిపాను. "ఐపీలు ఇచ్చేవాళ్లు ఎవరెవరు ఉన్నారు?" అని నెట్‌వర్క్ మొత్తాన్నీ అడిగి, జవాబు చెప్పిన వాళ్లందరినీ చూపించే స్క్రిప్ట్ అది. కొన్ని సెకన్లలో రెండు జవాబులు వచ్చాయి, ఒకటి మా సర్వర్‌ది, రెండోది 192.168.0.1 నుంచి. నా ల్యాప్‌టాప్‌కి తాత్కాలికంగా అదే సిరీస్‌లో ఒక ఐపీ పెట్టి ఆ రెండోదాన్ని స్కాన్ చేస్తే మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారీలోనే వచ్చే నంబరు) దొరికింది, పక్కనే ఇళ్లలో వాడే వైఫై రౌటర్లు తయారు చేసే కంపెనీ పేరు కూడా వచ్చింది. ఆ మ్యాక్ ఏ పోర్టు మీద ఉందో స్విచ్‌లో వెతికితే 17వ పోర్టు, ఆ వైరు పట్టుకుని వెళ్తే క్వాలిటీ ల్యాబ్ పక్క గది. ఫోన్‌కి సిగ్నల్ రావట్లేదని ఎవరో ఇంట్లో పాత రౌటర్ తెచ్చి, వైరుని బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా లోపలి సిస్టమ్‌ల కోసం ఉండే ల్యాన్ పోర్టులో పెట్టారు. దాంతో అది మా సిస్టమ్‌లకి కూడా ఐపీలు పంచడం మొదలుపెట్టింది. తీసేశాం, సిస్టమ్‌లన్నీ ఐపీ మళ్లీ తీసుకున్నాయి. మొత్తం ఇరవై ఐదు నిమిషాల పని. అంతకు ముందు ఉద్యోగంలో సరిగ్గా ఇలాంటిదే వస్తే, ఒక్కొక్క వైరూ పీకి చూసుకుంటూ సాయంత్రం దాకా తంటాలు పడ్డాం.

అందుకే ఈ సాఫ్ట్‌వేర్ గురించి కాస్త వివరంగా రాద్దామనిపించింది. ఇంగ్లిష్‌లో దీని మీద కుప్పలు తెప్పలుగా ఉంది కానీ అందులో ఎక్కువ భాగం హ్యాకింగ్ నేర్చుకునే పిల్లల కోసం రాసింది. జీడిమెట్లలోనో ఆటోనగర్‌లోనో ఒక కంపెనీలో ఐటీ మొత్తం ఒంటి చేత్తో చూసుకునే వాళ్లకి ఇది ఎలా పనికొస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

ముందు మా సంగతి. మందుల ప్యాకింగ్ సామాన్లు చేసే కంపెనీ, జీడిమెట్ల. సిస్టమ్‌లు, ప్రింటర్లు, కెమెరాలు, పంచ్ మెషిన్లు అన్నీ కలిపి రెండు వందల దాకా ఉంటాయి. చూసుకోవడానికి నేనూ, నా దగ్గర పనిచేసే ఒక కుర్రాడూ, ఇద్దరమే. లక్షలు పెట్టి టూల్స్ కొనే బడ్జెట్ లేదు, అడిగినా ఇవ్వరు.

ఎన్‌మ్యాప్ ఉచితం. గోర్డన్ లయన్ అనే ఆయన, నెట్‌లో ఫ్యోడర్ అనే పేరుతో తెలిసినవాడు, 1997 సెప్టెంబరులో ఫ్రాక్ అనే పత్రిక 51వ సంచికలో దీని సోర్స్ కోడ్ మొత్తం అచ్చు వేసేశాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆగకుండా నడుస్తోంది. 2020 అక్టోబరులో వచ్చిన 7.90 నుంచి లైసెన్స్ మార్చారు, దాని మీద లైనక్స్ వాళ్లలో కొంత గొడవ కూడా జరిగింది. కానీ మన కంపెనీ నెట్‌వర్క్‌ని మనం స్కాన్ చేసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. దీన్ని తమ ప్రోడక్ట్‌లో కలిపి అమ్ముకునేవాళ్లకే వేరే లైసెన్స్. విండోస్‌లో పెట్టుకుంటే ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్ కూడా దాంతోపాటే వస్తుంది, దాన్ని వద్దనకండి, అది లేకపోతే చాలా రకాల స్కాన్లు పనిచేయవు. అడ్మిన్ హక్కులు కావాలి. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకటే జాగ్రత్త, అధికారిక సైట్ నుంచే దించుకోండి. స్కానర్ల పేరు మీద నకిలీ ఇన్‌స్టాలర్లు గూగుల్ యాడ్స్‌లో తిరుగుతుంటాయి, ఐటీ వాళ్ల సిస్టమ్‌లోకి దూరితే కంపెనీ మొత్తంలోకి దూరినట్టేనని వాళ్లకీ తెలుసు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలియకుండా వాడితే ఫలితాలు తప్పుగా చదువుతాం కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. గేటు దగ్గర నిలబడి "ఎవరండీ లోపల" అని పిలుస్తాం కదా, అదే. "ఆ, రండి" అని జవాబొస్తే పోర్టు ఓపెన్. "ఇక్కడ ఎవరూ లేరు, వెళ్లండి" అని జవాబొస్తే క్లోజ్డ్, కానీ ఆ మాట చెప్పడానికి లోపల మనిషి ఉన్నట్టే కదా, కాబట్టి ఆ ఐపీ మీద సిస్టమ్ ఉందని తెలిసిపోయింది. ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫిల్టర్డ్, మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మన పిలుపుని లోపలికి పోనివ్వట్లేదు. ఇక్కడ పోర్టులంటే ఈ తలుపులే, వైరు పెట్టే స్విచ్ పోర్టులు వేరు. ఒక్కో ఐపీకి ఇలాంటి తలుపులు టీసీపీ అనే రకంలోనే 65,535. ఎన్‌మ్యాప్ మామూలుగా అన్నీ కొట్టదు, ఎక్కువగా వాడే వెయ్యి తలుపులే కొడుతుంది. ఈ విషయం చాలామందికి తెలియదు. మా దగ్గర ఒక వెండర్ రిమోట్ డెస్క్‌టాప్‌ని 3389 నుంచి 43389కి మార్చి పెట్టి వెళ్లాడు, మామూలు స్కాన్‌లో అది కొన్ని నెలలు నాకు కనపడనే లేదు. ఒక రోజు హైఫన్ పీ హైఫన్ ఇచ్చి అన్ని పోర్టులూ స్కాన్ కొడితే బయటపడింది. సర్వర్లకి మాత్రం నెలకి ఒకసారైనా మొత్తం పోర్టులు కొట్టాల్సిందే, టైమ్ పట్టినా సరే.

ఇంకో గొప్ప విషయం. "ఉన్నావా" అని అడిగే మామూలు పింగ్‌తో చూస్తే విండోస్ సిస్టమ్‌లు చాలావరకు కనపడవు, వాటి ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వనివ్వదు. కానీ ఒకే ల్యాన్‌లో ఉన్నప్పుడు ఎన్‌మ్యాప్ పింగ్ కాకుండా ఏఆర్‌పీ ద్వారా, అంటే "ఈ ఐపీ ఎవరిది, మీ మ్యాక్ ఏమిటి" అని అడుగుతుంది. ఏఆర్‌పీకి జవాబివ్వకపోతే ఆ సిస్టమ్‌కి నెట్‌వర్కే ఉండదు, కాబట్టి దాక్కోవడం కుదరదు. ఎస్ఎన్ స్కాన్ అంటారు, హైఫన్ పెట్టి చిన్న ఎస్, చిన్న ఎన్. 256 ఐపీల సిరీస్ మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది. అయితే వేరే వీల్యాన్‌లోకి (అవే స్విచ్‌ల మీద విడిగా కట్టిన ఇంకో నెట్‌వర్క్‌లోకి) వెళ్లి అడిగితే ఈ ఏఆర్‌పీ పనిచేయదు, మ్యాక్ అడ్రస్ కూడా రాదు. అందుకే నేను ప్రతి వీల్యాన్‌లోనూ ల్యాప్‌టాప్ పెట్టి లోపలి నుంచే స్కాన్ చేస్తాను. ఒకే చోట కూర్చుని అన్నీ చూసేద్దాం అనుకుంటే సగం మిస్ అవుతాం.

ఇక అసలు కథ. ఈ కంపెనీలో చేరినప్పుడు నా ముందు మనిషి ఇచ్చిన ఎక్సెల్ షీట్‌లో 96 లైన్లు ఉన్నాయి. మొదటి శనివారం ఎస్ఎన్ స్కాన్ కొడితే 161 వచ్చాయి. అరవై ఐదు ఐపీలు ఎవరివో కాగితం మీద లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, నిజంగా చెప్తున్నాను. తాళాలు నా చేతికిచ్చారు కానీ ఇంట్లో ఎన్ని గదులున్నాయో ఎవరికీ తెలియదు.

ఆ షీట్‌లో అప్పుడు కొత్తగా ఒక కాలమ్ పెట్టాను, దాని పేరు "ఎవరిది". అంతే, ఇంకేం లేదు. ప్రతి ఐపీకీ ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి. డిపార్ట్‌మెంట్ పేరు రాయకూడదు, మనిషి పేరే. ఆ అరవై ఐదింటికీ మనుషుల్ని వెతకడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఎన్‌మ్యాప్ పని ఒక పూట, మిగతాదంతా నడక. మ్యాక్ అడ్రస్ చూసి స్విచ్ పోర్టు, పోర్టు చూసి వైరు, వైరు పట్టుకుని గది. సెక్యూరిటీ గార్డుని అడగడం, "అన్నా, ఈ పెట్టె ఎప్పటి నుంచి ఉంది ఇక్కడ?" "మీరు రాకముందు నుంచే ఉంది సార్, ఎవరో కెమెరావాళ్లు పెట్టి పోయిన్రు." అలా ఒక డీవీఆర్ దొరికింది. పాత ఏఎంసీ వాళ్లు పెట్టింది, వాళ్ల కాంట్రాక్ట్ అయిపోయి మూడేళ్లయింది. అది ఇంకా నడుస్తూనే ఉంది, మెయిన్ గేటు దగ్గర నాలుగు కెమెరాలని రికార్డు చేస్తూనే ఉంది. ఎన్‌మ్యాప్ దాని మీద 80, 554 పోర్టులు ఓపెన్ అని చూపించింది. 80 అంటే వెబ్ పేజీ, 554 అంటే వీడియో స్ట్రీమ్. బ్రౌజర్‌లో తెరిస్తే లాగిన్ పేజీ, పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఏముందో అదే.

అరవై ఐదులో చాలావరకు ఫోన్లు, ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లు, స్టోర్‌రూమ్‌లో మర్చిపోయిన ప్రింటర్లు. కానీ ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. లేబుల్ ప్రింటింగ్ గదిలో బీరువా వెనకాల, దుమ్ము పట్టిన ఒక సిస్టమ్, విండోస్ 7. లేబుల్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయదని అలాగే ఉంచేశారు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టు ఓపెన్. ఎస్‌ఎంబీ ప్రోటోకాల్స్ స్క్రిప్ట్ నడిపితే పాత ఎస్‌ఎంబీ వెర్షన్ 1 ఆన్‌లో ఉందని వచ్చింది. తర్వాత ఎస్‌ఎంబీలోని ఒక పెద్ద రంధ్రం పూడ్చారా లేదా అని చూసే ఎంఎస్17-010 స్క్రిప్ట్ నడిపాను, వల్నరబుల్ అని రిపోర్ట్, అంటే పూడ్చలేదు.

ఆ లైన్ చూసినప్పుడు గుండె ఝల్లుమంది. 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ఈ రంధ్రం లోంచే ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లకి తగిలింది. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. మా లేబుల్ గది సిస్టమ్‌కి వేయలేదు, ఎందుకంటే ఆ సిస్టమ్ ఒకటి ఉందనే ఐటీకి తెలియదు. ప్యాచ్ వేయించాం, ఎస్‌ఎంబీ 1 తీసేశాం, సాఫ్ట్‌వేర్ మారేదాకా దాన్ని వేరే వీల్యాన్‌లో పెట్టి ఒక్క ప్రింటర్‌తో మాత్రమే మాట్లాడేలా చేశాం. యాంటీవైరస్‌కి ఏటా లక్షన్నర కడుతున్నాం, ఆ యాంటీవైరస్ రిపోర్ట్‌లో ఈ సిస్టమ్ లేదు. లేని సిస్టమ్‌ని అదెలా కాపాడుతుంది?

ఈ స్క్రిప్ట్‌లే ఎన్‌మ్యాప్‌కి నిజమైన బలం. లువా భాషలో రాసినవి, ఆరు వందల దాకా ఉన్నాయి. నేను రోజూ వాడేవి పది కూడా ఉండవు. హెచ్‌టీటీపీ టైటిల్ స్క్రిప్ట్ చాలా చిన్నది కానీ నాకు చాలా ఇష్టం, 80 పోర్టు ఓపెన్ ఉన్న ప్రతి దాని వెబ్ పేజీ పేరు చూపిస్తుంది, దాంతో ఇది కెమెరానా, ప్రింటరా, స్విచ్చా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఎస్ఎస్ఎల్ ఎనమ్ సైఫర్స్ ఇంకోటి, సర్వర్ ఇంకా పాత టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) ఒప్పుకుంటోందా లేదా అని చెప్తుంది, కస్టమర్ల నుంచి సెక్యూరిటీ ప్రశ్నల ఫారమ్ వచ్చినప్పుడు ఇదే నన్ను ఆదుకుంటుంది. కానీ స్క్రిప్ట్‌ల్లో కేటగిరీలు ఉంటాయి, సేఫ్, ఇంట్రూసివ్, డాస్ అని. డాస్ కేటగిరీవి ఎదుటి సిస్టమ్‌ని ఆపేసేవి, వాటిని ఆఫీసులో నడపడం అంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. ఏ స్క్రిప్ట్ అయినా నడిపే ముందు దాని పేజీ చదవండి.

చదవకుండా నడిపి నేను చేసిన నష్టం కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే. మొదటి ఏడాది, ఏ ఆప్షన్ ఎక్కువ సమాచారం ఇస్తే అది మంచిదనుకునే రోజులు. వెర్షన్లు కనుక్కునే ఎస్‌వీ స్కాన్‌కి ఆల్‌పోర్ట్స్ అనే ఆప్షన్ కలిపి మొత్తం సిరీస్ మీద వదిలాను. పది నిమిషాల్లో పర్చేజ్ నుంచి ఫోన్. "సార్, ప్రింటర్ దానంతట అదే కాగితాలు తోస్తోంది." వెళ్లి చూస్తే ఒక్కో కాగితం మీద ఒకటో రెండో లైన్లు, "గెట్, స్లాష్, హెచ్‌టీటీపీ" అని ఒకదాని మీద, పిచ్చి గీతలు ఇంకోదాని మీద, అడుగున ట్రే ఖాళీ అయ్యేదాకా. నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 పోర్టుకి ఏం పంపినా కాగితం మీద అచ్చు వేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ అడిగేటప్పుడు 9100 నుంచి 9107 దాకా తనంతట తానే వదిలేస్తుంది. రాసినవాళ్లు అంత ఆలోచించి పెట్టిన రక్షణని నేను ఆ ఒక్క ఆప్షన్‌తో తీసేశాను.

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. సాయంత్రం ఆరుకి షిఫ్ట్ మారే టైమ్, నేను చూసుకోకుండా ఓఎస్, వెర్షన్లు, స్క్రిప్ట్‌లు అన్నీ ఒకేసారి అడిగే హైఫన్ పెద్ద ఏ పెట్టి, వేగం టీ4 పెట్టి పంచ్ మెషిన్లు ఉన్న సిరీస్‌ని స్కాన్ చేశాను. గేటు దగ్గర ఉన్న పాత మెషిన్ బిగుసుకుపోయింది. వేలు పెడితే స్పందన లేదు. అరవై మంది కార్మికులు లైన్లో, బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. పవర్ తీసి పెట్టేసరికి పది నిమిషాలు, ఆ పది నిమిషాల ఆలస్యం జీతంలో కోస్తారేమోనని వాళ్ల భయం. హెచ్ఆర్ సార్ దగ్గరికి వెళ్లి తప్పు నాదని రాసిచ్చాను. ఇలాంటి చిన్న మెషిన్లలో ఉండే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ చాలా బలహీనం, ఒకేసారి పది వైపుల నుంచి పలకరిస్తే తట్టుకోలేదు. ప్యాకింగ్ లైన్‌లో మెషిన్లని నడిపే చిన్న కంట్రోలర్లు, పీఎల్‌సీలైతే మరీ. అది ఆగితే కాగితం నష్టం కాదు, లైన్ ఆగిపోతుంది, మెషిన్ దగ్గర మనిషి చెయ్యి ఉండొచ్చు. మా మెషిన్ల వీల్యాన్‌ని నేను ఇప్పటికీ ఎన్‌మ్యాప్‌తో ముట్టుకోను. వార్షిక షట్‌డౌన్ రోజు, మెయింటెనెన్స్ వాళ్లు పక్కన ఉండగా, నెమ్మదిగా ఒక్కొక్క ఐపీ మాత్రమే.

ఫలితాలు చదవడంలో కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. ఎస్‌వీ లేకుండా స్కాన్ కొడితే సర్వీస్ అనే కాలమ్‌లో కనిపించే పేరు, ఎన్‌మ్యాప్ కనిపెట్టింది కాదు. ఫలానా పోర్టుకి ఫలానా పేరు అని దాని దగ్గరున్న పట్టికలో చూసి రాసేది. మా ట్యాలీ సర్వర్ మీద 9000 పోర్టు ఓపెన్, పేరు చూస్తే సీఎస్ లిజనర్ అని ఉంది. మా కుర్రాడు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు, "అన్నా, సర్వర్‌లో ఏదో లిజనర్ పెట్టారు, వైరస్ అయ్యుంటుంది" అని. అది ట్యాలీ మామూలుగా వాడే పోర్టే. అలాగే ఎస్‌వీ పెట్టినా వచ్చే వెర్షన్ నంబరు చూసి వెంటనే బెంబేలు పడకూడదు. ఉబుంటు, రెడ్‌హ్యాట్ లాంటివాళ్లు పాత వెర్షన్ నంబరే ఉంచి లోపల రిపేర్లు చేస్తుంటారు, బయటికి పాతదిగా కనిపిస్తుంది, లోపల ప్యాచ్ పడి ఉంటుంది. సర్వర్‌లోకి వెళ్లి ప్యాకేజీ చూసి నిర్ధారించుకోవాలి. ఓఎస్ ఏదో ఊహించే ఫీచర్‌ని నేను పెద్దగా నమ్మను, మా దగ్గర ఒక కెమెరాని చూపించి లైనక్స్ సర్వర్ అంది, అది పూర్తిగా తప్పని కూడా అనలేం, కెమెరా లోపల ఉన్నదీ లైనక్సే.

కమాండ్ లైన్ అంటే భయపడేవాళ్లకి బటన్లతో ఎన్‌మ్యాప్‌ని నడిపే జెన్‌మ్యాప్ ఉంది, విండోస్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తుంది. పాత పైథాన్ వల్ల కొన్ని లైనక్స్‌లలో కొన్నాళ్లు ఇబ్బంది అయింది, 2023లో వచ్చిన 7.94తో పైథాన్ 3కి మార్చారు, ఇప్పుడు బాగానే ఉంది. కానీ తెరవగానే ప్రొఫైల్‌లో ఇంటెన్స్ స్కాన్ అని ముందే పెట్టి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్నే నొక్కేస్తారు. అది సరిగ్గా నేను పంచ్ మెషిన్‌ని బిగుసుకుపోయేలా చేసిన ఆ స్కానే. దాన్ని పింగ్ స్కాన్‌కి మార్చి మొదలుపెట్టండి. ఇది ఆ సాఫ్ట్‌వేర్‌లో నాకు నచ్చని విషయం, మొదటి బటన్ ఎప్పుడూ తక్కువ ప్రమాదం ఉన్నది అయ్యుండాలి.

అయితే నేను ఎన్‌మ్యాప్‌ని ఆరేళ్లుగా వదలకపోవడానికి కారణం స్కాన్ కాదు, ఎన్‌డిఫ్. దీంతోపాటే వచ్చే చిన్న టూల్. పోయిన వారం స్కాన్ ఫైలు ఒకటి, ఈ వారం ఫైలు ఒకటి ఇస్తే తేడా మాత్రమే చూపిస్తుంది. కొత్తగా వచ్చింది ప్లస్, పోయింది మైనస్. రెండు వందల ఐపీల రిపోర్ట్‌ని ప్రతి వారం చదివే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ లేదు, మూడో వారానికే చూడటం మానేస్తాం. నాలుగు లైన్ల తేడాని మాత్రం టీ తాగుతూ చదవొచ్చు. మా టాస్క్ షెడ్యూలర్‌లో ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి స్కాన్ నడుస్తుంది, ఎక్స్ఎంఎల్‌లో సేవ్ అవుతుంది, తేడా మెయిల్‌లో వస్తుంది. రాత్రి ఎందుకు పెట్టలేదంటే, రాత్రికి ల్యాప్‌టాప్‌లు ఇంటికి వెళ్లిపోతాయి. ఆ క్షణంలో ఆన్‌లో లేనిది ఎన్‌మ్యాప్‌కి లేనట్టే. మొన్న ఒక మెయిల్‌లో ఒకే ఒక్క ప్లస్ లైన్, ఫైల్ సర్వర్ మీద 5900. వీఎన్‌సీ, దూరం నుంచి స్క్రీన్ చూసి నడిపే సాఫ్ట్‌వేర్. మా ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ అతను మంగళవారం పని చేసి, సులువుగా ఉంటుందని పెట్టుకుని, తీయకుండా వెళ్లాడు. ఫోన్ చేస్తే "అయ్యో సార్, మర్చిపోయాను" అన్నాడు. గురువారం పొద్దునకల్లా తీసేశాడు. ఎన్‌డిఫ్ లేకపోతే అది ఎన్నేళ్లు ఉండేదో.

బయటి నుంచి కూడా చూసుకోవాలి, ఇది చాలామంది చేయరు. ఆఫీసు స్టాటిక్ ఐపీని ఇంటి దగ్గర నుంచి, ఎండీ గారి అనుమతి తీసుకుని, స్కాన్ చేశాను. లోపల నుంచి చూస్తే పద్ధతిగా ఉన్న నెట్‌వర్క్, బయటి నుంచి చూస్తే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో అకౌంట్స్ వాళ్లు ఇంటి నుంచి ట్యాలీ చేసుకోవడానికి అప్పటి మనిషి పెట్టిన ఏర్పాటు అది. లాక్‌డౌన్ పోయింది, పోర్టు పోలేదు. సర్వర్ లాగ్ తీస్తే తప్పు పాస్‌వర్డ్‌ల ప్రయత్నాలు పేజీలకి పేజీలు. అదే రోజు మూసేసి వీపీఎన్ పెట్టాం.

లోపాల గురించి సూటిగా చెప్తాను. టీసీపీ కాకుండా యూడీపీ అని ఇంకో రకం తలుపులుంటాయి, ఆ యూడీపీ స్కాన్ విపరీతమైన ఆలస్యం. లైనక్స్ లాంటివి "ఈ పోర్టు మూసి ఉంది" అన్న జవాబు సెకనుకి ఒకటే ఇస్తాయి, ఆ లెక్కన ఒక్క సిస్టమ్‌కి మొత్తం యూడీపీ పోర్టులు చూడాలంటే 18 గంటల పైమాటే. నేను 53, 123, 161 లాంటి నాలుగైదు మాత్రం చూస్తాను. ఈ మధ్య ఫోన్లన్నీ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు మ్యాక్ అడ్రస్‌ని మార్చేసుకుంటున్నాయి, కాబట్టి ఏ కంపెనీ ఫోనో కూడా చెప్పలేం, వైఫై వీల్యాన్‌లో తేడా చూడటం దాదాపు దండగ. ఇక మేనేజ్‌మెంట్‌కి చూపించే అందమైన రిపోర్ట్ ఇందులో రాదు. మా యాంటీవైరస్ అయితే నా ల్యాప్‌టాప్‌నే ఎటాకర్ అని రెండుసార్లు బ్లాక్ చేసింది, స్కాన్ చేసే ఐపీని ముందే మినహాయించి పెట్టుకోవాలి. ఆ అలర్ట్ చూసి నాకు ఒక రకంగా ధైర్యం కూడా వచ్చింది, ఎవరైనా లోపలికి దూరి ఇదే పని చేస్తే అది గట్టిగా అరుస్తుందన్నమాట.

మిగతావాటితో పోలిక అడుగుతారు కాబట్టి. ఏ ఐపీలు వాడుతున్నారో చూస్తే చాలు అనుకుంటే అడ్వాన్స్‌డ్ ఐపీ స్కానర్, యాంగ్రీ ఐపీ స్కానర్ చాలు, రెండు క్లిక్కుల పని. మాస్‌స్కాన్ భయంకరమైన వేగం, కానీ ఆఫీసు స్విచ్‌ల మీద ఆ వేగం మనకి అవసరం లేదు. ఆడిటర్లు వల్నరబిలిటీ రిపోర్ట్ అడిగితే నెస్సస్ లాంటిది కావాల్సిందే, అది సిస్టమ్‌లోకి లాగిన్ అయి ఏ ప్యాచ్ లేదో ఒక్కొక్కటీ చెప్తుంది, ఎన్‌మ్యాప్ అది చేయలేదు. నెస్సస్ 2005లో సోర్స్ మూసేసినప్పుడు దాని పాత కోడ్ నుంచి పుట్టిన ఓపెన్‌వాస్ ఉచితంగా దొరుకుతుంది, కానీ దాన్ని నిలబెట్టి నడపడానికే ఒక మనిషి ఓపిక కావాలి. నా సలహా, ముందు ఎన్‌మ్యాప్‌తో లిస్టు తయారు చేసుకుని, తర్వాత ఆ లిస్టుని వాటికి ఇవ్వండి. లిస్టు లేకుండా నెస్సస్ కొంటే, మనకి తెలిసిన తొంభై ఆరింటికే అందమైన రిపోర్ట్ వస్తుంది.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకండి, ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు. మీది కాని నెట్‌వర్క్‌లో అనుమతి లేకుండా వేలు పెడితే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల దాకా పోవచ్చు, 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాల్సిన సంఘటనల జాబితాలో, కీలకమైన నెట్‌వర్క్‌లని గురిపెట్టి స్కాన్ చేయడం కూడా ఉంది. అంటే మీ సరదా స్కాన్ ఎవరికో ఆరు గంటల్లో రాయాల్సిన రిపోర్ట్ అవుతుంది. సొంత కంపెనీలో కూడా ఏ సిరీస్, ఏ రోజు, ఏ టైమ్ అని మెయిల్ పెట్టి, సరే అన్న జవాబు వచ్చాకే మొదలుపెట్టండి. నేర్చుకోవడానికైతే స్కాన్‌మి డాట్ ఎన్‌మ్యాప్ డాట్ ఆర్గ్ అని వాళ్లే ఒక సర్వర్ పెట్టారు, రోజుకి కొన్నిసార్లు దాన్ని స్కాన్ చేసుకోవచ్చని వాళ్లే చెప్పారు.

ఐదుకి ఎన్ని అంటే నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు జెన్‌మ్యాప్‌లో ముందే పెట్టిన ఆ ఇంటెన్స్ స్కాన్‌కి తగ్గించాను.

మా షీట్‌లో ఈ రోజుకి 203 లైన్లు ఉన్నాయి, "ఎవరిది" కాలమ్‌లో 202 పేర్లు. మిగిలింది 192.168.10.61. బుధవారం స్కాన్‌లో మూడు వారాలుగా కనిపిస్తోంది, 80 పోర్టు ఒక్కటే ఓపెన్, పేజీకి టైటిల్ కూడా లేదు. స్విచ్‌లో చూస్తే 22వ పోర్టు, వైరు పాత గోడౌన్ వైపు ఫాల్స్ సీలింగ్ లోపలికి వెళ్తోంది. ఈ శనివారం ఎలక్ట్రీషియన్‌ని నిచ్చెన తీసుకుని రమ్మన్నాను.